మేస్త్రి చెక్కిన తాటిచెట్టు

దగ్గరగా జరుగు అమ్మడూ. అచ్చు చెక్కే ఆ లినో ముక్కని మంటకి కాస్త ఎడంగా పెట్టు, వెచ్చబడితే ఉలి సులువుగా దిగుతుంది. పొద్దుటి నుంచీ దాన్ని ముందేసుకుని కూర్చున్నావు, ఒక్క గీతా పడలేదు. మీ మాస్టారు ఏమన్నారూ, పనితనం బాగుంది గానీ బొమ్మలో నువ్వు లేవు అన్నారా? మనసులో ఉన్నది అచ్చులోకి రావాలన్నారా? మంచి మాటే అన్నారు. ఒరేయ్ చిన్నా, ఆ కొబ్బరిమట్ట ఇట్టా తోసి నువ్వు కూడా కూర్చో. గుణదలలో ఇంత చలి ఏడాదికి నాలుగు రోజులే ఉంటుంది. ఏలూరు కాలువ మీంచి గాలి తగులుతుంటే పాత సంగతులు వాటంతట అవే గుర్తుకొస్తున్నయ్.

మా అమ్మ పుట్టిల్లు పెడన. వేసవి సెలవులిస్తే బందరు రైలెక్కి పెడనలో దిగటమే నాకు తెలిసిన ప్రయాణం. మా మేనమామది కలంకారీ అద్దకం పని. కాళహస్తి వాళ్ళు కలం పట్టి చేత్తో గీస్తారు, మన పెడన వాళ్ళు టేకు చెక్క మీద అచ్చు చెక్కి అద్దుతారు. బట్టకి గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరేస్తారు. పాలలో వెన్న ఉంటుంది గదా, దానివల్ల రంగు పక్కకి పాకదు. ఎండలో ఆరిన ఆ బట్ట వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది.

ఇక రంగుల సంగతి విను, నీకు కావలసింది ఇక్కడే ఉంది. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడితే కసిం తయారవుతుంది. దాన్ని జిగురుతో చిక్కబరిచి, అచ్చు ముంచి, కరక్కాయ పట్టిన బట్ట మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దితే చాలు, కళ్ళముందే నల్లటి గీత పడుతుంది. ఎరుపు అట్టా రాదు. ఎరుపు కోసం అద్దేది పటిక నీళ్ళు. ఎక్కడ అద్దామో కనపడటానికి అందులో కొంచెం ఏదో ఒక రంగు కలుపుతారు గానీ, ఆ ఎరుపు జాడ మాత్రం అప్పుడు బట్ట మీద ఉండదు. కొన్నాళ్ళు ఆరనిచ్చి, కాలువలో పారే నీళ్ళల్లో జాడించి, రాగి కాగులో చిరువేరు వేసి కాయాలి. నా చిన్నతనానికే చిరువేరు తగ్గిపోయి అలిజరిన్ పొడి వచ్చిందనుకో. కాగు మరిగేకొద్దీ పటిక తగిలిన చోటల్లా ఎర్రగా పైకి తేలుతుంది. తగలని చోట రంగు నిలవదు. మా మామయ్య కర్రతో బట్టని తిప్పుతుంటే, ఏమీ లేదనుకున్న చోట పువ్వులు బయటపడటం నేను గుడ్లప్పగించి చూసేవాణ్ణి.

మనిషి లోపల కూడా ఈ రెండూ ఉంటయ్యని నాకు తర్వాత్తర్వాత తోచింది. కోపం కసిం లాంటిది, తగలగానే నలుపెక్కుతుంది. దుఃఖం పటిక. అద్దిన రోజున ఎవరికీ కనపడదు, అద్దుకున్నవాడికి కూడా. కాగాలి.

ఆ అచ్చుల మీద పువ్వులు, చిలకలు, తీగలు, సైప్రస్ చెట్లు ఎవరు మొదట చెక్కారో ఎవరికీ తెలియదు. గోల్కొండ నవాబుల కాలంలో బందరు రేవు నుంచి ఓడలు పారశీకానికి వెళ్ళేవి, ఆ దేశం వాళ్ళ అభిరుచి మన అచ్చుల్లోకి అట్టా ఎక్కింది. తర్వాత డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు వచ్చి కొన్నారు. మన దేశపు అచ్చుబట్టల మీద యూరప్ జనానికి మోజు ఎంత పెరిగిందంటే, ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది, ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో మరోసారి చట్టాలు చేసింది. అంత వైభవమూ చూసిన బందరు 1864 ఉప్పెనలో ఒక్క రాత్రికి ముప్పై వేల మందిని పోగొట్టుకుంది. ఆ రాత్రి గురించి మా అమ్మమ్మ వాళ్ళ అమ్మమ్మ చెప్పిన మాటలు మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. అద్దకం పని మాత్రం చచ్చి బతికింది. స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి చట్టోపాధ్యాయ లాంటి వాళ్ళు పూనుకుని మళ్ళీ నిలబెట్టారు. వేలసార్లు అద్దిన పువ్వులో మనసేముంటుంది తాతయ్యా అని నువ్వు అడగొచ్చు. చెక్కినవాడు ఒక్క పువ్వునైనా ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూసి ఉండకపోతే, మూడొందల ఏళ్ళ తర్వాత పెడనలో పిల్లాడు ఆ పువ్వు వంక నోరు తెరుచుకుని చూడడు. నేనైతే అట్టాగే నమ్ముతాను.

నాకు మీసాలొచ్చే నాటికి బెజవాడ అంటే ప్రెస్సుల ఊరు. విశాలాంధ్ర 1952 నుంచే ఉంది, ఆంధ్రజ్యోతి 1960లో ఇక్కడే పుట్టింది. ఏలూరు రోడ్డు పొడుగునా పుస్తకాల షాపులు. మన పడవల రేవు దగ్గర నిజంగానే పడవలు ఆగేవి అప్పట్లో, గడ్డి, ధాన్యం, కంకర దిగేవి. ఆ కాలువ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ గవర్నరుపేటలో ఒక ప్రెస్సుకి వెళ్ళేవాణ్ణి, కంపోజిటరు పనికి. సీసం అక్షరాలు తిరగేసి ఉంటయ్, స్టిక్కులో పేరుస్తూ తలకిందులుగా చదవాలి. కొన్నాళ్ళకి సూటిగా ఉన్న అక్షరం చదవటానికి ఒక క్షణం ఆగాల్సొచ్చేది. శుభలేఖలు, ఓట్ల కరపత్రాలు, సినిమా పాటల పుస్తకాలు, నల్ల అంచు కట్టిన పెద్దకర్మ కార్డులు, అన్నీ అదే చేతుల మీదుగా పోయేవి. ఒకే పూట పెళ్ళికి పువ్వుల బార్డరు, చావుకి నల్ల రూలు. ఆ నల్ల రూలు పెట్టేటప్పుడు కంపోజిటర్లు ఎవరూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు కాదు. ఎవరూ పెట్టిన నియమం కాదది, అట్టా జరిగేది.

ఆ ప్రెస్సులో ఒక మేస్త్రి ఉండేవాడు. గోడల మీద అంటించే పెద్ద పోస్టర్లకి సీసం అక్షరాలు సరిపోవు, చెక్క అక్షరాలు కావాలి. అవి చెక్కటం ఆయన పని. దివిసీమ మనిషి. మాట తక్కువ. 'శ్రీ' చెక్కితే ఆ సుడిలో దారం దూర్చినట్టు ఉండేది. ఆయన చెల్లెల్ని దివిసీమలోనే సొర్లగొంది వైపు ఇచ్చారు.

1977 నవంబరు 19, శనివారం. ఆ తుపాను గురించి మీరు బడిలో చదివే ఉంటారు, సముద్రం లేచి దివిసీమ ఊళ్ళ మీద పడింది, 10,000 మందికి పైగా పోయారు. బెజవాడలో మాకు గాలి హోరు, వాన మాత్రమే. దారులు తెగిపోయి, కబురు కూడా వెంటనే తెలియలేదు. తెలిశాక మేస్త్రి ఎవరికీ చెప్పకుండా బయల్దేరి వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు పంచె మోకాళ్ళ దాకా బురద, గడ్డం పెరిగిపోయి ఉంది. చెల్లెలి సంగతి అడగటానికి మాకు నోరు రాలేదు, ఆయనా చెప్పలేదు. తిన్నగా వచ్చి తన బల్ల దగ్గర కూర్చుని, సగంలో ఆపిన అక్షరం తీసుకుని చెక్కాడు. ఆ రోజుల్లో పేపర్ల నిండా తుపాను ఫోటోలు, హాఫ్‌టోన్ బ్లాకుల్లో చుక్కలు చుక్కలుగా శవాలు. మేస్త్రి ఒక్కటీ చూసేవాడు కాదు.

నెలలు గడిచినయ్. ఎండాకాలం మొదట్లో అనుకుంటా, ఒక సాయంత్రం పని అయిపోయాక పోస్టరు అక్షరాలకి తెచ్చిన టేకు పలక ఒకటి యజమానిని అడిగి తీసుకున్నాడు. నేను ఇంటికి పోకుండా పక్కన నిలబడ్డాను. పెన్సిలు గీతలు పెట్టలేదు. చాలాసేపు ఆ చెక్క వంక చూశాడు. తర్వాత కత్తి పట్టాడు. రోజూ సాయంత్రం కాస్త కాస్త చేసేవాడు.

అమ్మడూ, నీకు తెలుసుగా, చెక్క అచ్చులో చెక్కి తీసేసింది తెల్లగా పోతుంది, వదిలేసింది నల్లగా పడుతుంది. మేస్త్రి చెక్కింది ఒక తాటిచెట్టు. దాని తల ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. మొవ్వులో ఒక చీర చిక్కుకుని, సగం కిందకి వేలాడుతోంది. కింద నీళ్ళు. అంతే. మనిషి లేడు, ఇల్లు లేదు. ఆకాశం దగ్గర ఆయన ఏం చేశాడో చూడు. చెక్కని లోతుగా తొలవకుండా పైపైన గీరి వదిలాడు. దాంతో టేకు ఈనెలు అక్కడక్కడ సిరా పట్టినయ్. కాగితం మీదకి వచ్చేసరికి అది ఏటవాలుగా కొట్టే వాన అయింది. చెక్కలో ఉన్న వానని పైకి తీశాడు. అచ్చులో చెట్టు, తాను చూసిన వైపుకే ఒరగాలని, చెక్క మీద దాన్ని ఎదురు వైపుకి ఒంచాడు. అక్షరాలు తిరగేసి చెక్కిన చేయి గదా, అది ఆయనకి అలవాటే.

ట్రెడిల్ మిషన్‌కి ఆ చెక్క ఎత్తు సరిపోలేదు. రోలరుతో సిరా పట్టించి, న్యూస్‌ప్రింటు పరిచి, ఇంట్లోంచి తెచ్చిన కొయ్య గరిటె వెనక వైపుతో రుద్దాడు. కాగితం మూల పట్టుకుని ఎత్తుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. అప్పుడు అడిగాను, మేస్త్రీ, మీ చెల్లెల్ని చెక్కలేదేం అని. ఆయన కాగితం వంకే చూస్తూ, "నాకు కనపడింది ఇదేరా" అన్నాడు.

ఆయన వెళ్ళేసరికి అక్కడ ఉన్నదదే మరి. ఏడుస్తున్న ఆడమనిషిని చెక్కితే ఊహించి చెక్కాలి. చీరని చూశాడు. అది చెల్లెలి చీరో కాదో కూడా ఆయనకి తెలిసి ఉండదు. ఆ తెలియకపోవటమంతా ఆ చెట్టు మీద ఉంది.

తర్వాత ఆయనతో కలిసి నేనూ దివి వెళ్ళాను. కొత్తగా కట్టిస్తున్న ఇళ్ళు అప్పుడప్పుడే లేస్తున్నయ్. మేస్త్రి సంచిలో ఆ అచ్చులు చుట్టి ఉన్నయ్. తెలిసినవాళ్ళకి ఒక్కొక్కటి ఇచ్చాడు. ఒక ముసలాయన దాన్ని వెలుతురులోకి పట్టుకుని, చీర ఉన్న చోట వేలు పెట్టి, ఇది మా రేవులో చెట్టే అన్నాడు. ఇంకో ఊళ్ళో ఒకావిడ, ఇది మా చేను గట్టు మీద చెట్టు, మీరెప్పుడు చూశారు అని అడిగింది. మేస్త్రి ఎవరికీ కాదనలేదు. అచ్చుకి ఉన్న బలం నాకు ఆ రోజు తెలిసింది. రంగు కుంచెతో వేసిన పటం ఒకరింట్లో ఉంటుంది. ఒక చెక్కలోంచి వచ్చిన కాగితం ఎన్ని ఇళ్ళకి వెళ్తే అన్ని ఇళ్ళ వాళ్ళదీ అవుతుంది. ఒక మనిషి దుఃఖం ఊరందరి గోడ మీదకీ వెళ్ళింది.

చాలా ఏళ్ళకి ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల మధ్య ఒక బొమ్మల పుస్తకం దొరికింది. జర్మనీ ఆవిడ, కేథే కోల్విట్స్. ఆవిడ చిన్న కొడుకు పీటర్ మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్తానన్నాడు. ఈడు చాలదు, తండ్రి ఒప్పుకోవాలి. ఆయన వద్దంటే ఈవిడే నచ్చజెప్పింది. 1914 అక్టోబరులో పిల్లాడు బెల్జియంలో చచ్చిపోయాడు, పద్దెనిమిదేళ్ళు. ఆ తల్లి ఏం మోసి ఉంటుందో ఆలోచించు. అప్పటికే ఆవిడ రాగి పలకల మీద, రాళ్ళ మీద బొమ్మలు తీయటంలో గొప్ప పేరున్న మనిషి. అయినా ఈ దుఃఖానికి ఆ పద్ధతులేవీ సరిపోలేదు. 1920లో ఎర్నస్ట్ బార్లాహ్ అనే ఆయన చెక్క అచ్చులు చూసింది, అప్పుడు దారి కనపడింది. 'యుద్ధం' అని ఏడు చెక్క అచ్చులు 1921, 22ల్లో చెక్కింది. పిల్లాడు పోయిన ఏడెనిమిదేళ్ళకి. అందులో తల్లిదండ్రులు ఒకరి మీద ఒకరు ఒరిగి ఉంటారు, ఇద్దరి ఒళ్ళూ కలిసి ఒకే నల్లటి ముద్ద. ముఖాలు దాదాపు కనపడవు. ఇంకో దాంట్లో తల్లులంతా గుండ్రంగా చేరి పిల్లల్ని మధ్యలో దాచుకుంటారు. ఆ పుస్తకం నేను మేస్త్రికి చూపించాను. ఆయనకి జర్మనీ తెలియదు, యుద్ధం తెలియదు. తల్లిదండ్రుల బొమ్మ దగ్గర ఆగిపోయి, "ఈవిడ చాలాకాలం ఆగి చెక్కింది" అన్నాడు. పుస్తకంలో ఏముందో నేను ఇంకా చదివి చెప్పలేదు.

ఏడుపే అచ్చవుతుందని అనుకోకు. మన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు, కృష్ణారెడ్డి. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టాడు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకుని, ప్యారిస్‌లో హేటర్ అనే ఆయన నడిపే అటెలియే 17 అనే అచ్చుల శాలలో చేరాడు. శిల్పి గనక లోహపు పలకని కాగితంలా చూడలేదు, భూమిలా చూశాడు. ఆమ్లంతో, పనిముట్లతో దాన్ని మెట్టగా, పల్లంగా, లోయలుగా చేశాడు. మామూలుగా ఒక్కో రంగుకి ఒక్కో పలక కావాలి గదా. ఆయన, ఆయన తోటివాళ్ళు కలిసి ఒకే పలక మీద అన్ని రంగులూ ఒకేసారి పట్టించే దారి కనిపెట్టారు. సిరాలో నూనె ఎక్కువైతే పల్చన, తక్కువైతే జిగట. గట్టి రోలరు మెట్టల్ని మాత్రమే తాకుతుంది, మెత్తటి రోలరు పల్లాల్లోకి దిగుతుంది. పల్చటి నూనె సిరా ఉన్న చోట జిగట సిరా అంటదు, పక్కకి తప్పుకుంటుంది. ప్రెస్సులో సిరా మధ్య బతికిన నాకు ఈ సంగతి చదివినప్పుడు మనసు ఉప్పొంగిపోయింది. రోజూ చేతికి అంటుకున్నదే, ఆయన దాన్ని ఎక్కడికి తీసుకెళ్ళాడు!

మీ నాన్న ఫోనులో చూపించాడు ఆయన 'సుడిగుండం', 1963లో చేసింది. నీళ్ళు తిరుగుతూ తిరుగుతూ లోపలికి లాగుతయ్. 1968లో ప్యారిస్ వీధుల్లో విద్యార్థులు తిరగబడ్డప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు, ఆ ఏడే 'ప్రదర్శకులు' చేశాడు, నిలువునా లేచిన మనుషులు. తర్వాత అమెరికా వెళ్ళి న్యూయార్కులో పాఠాలు చెప్పాడు. చిన్న కూతురు పాకుతుంటే అదే బొమ్మయింది. సర్కసులో బఫూన్ని చూసి, ఎనభైల్లో 'గ్రేట్ క్లౌన్' చేశాడు. అందరూ నవ్వే మనిషి ఆయన పలక మీద వలయాలు వలయాలుగా విచ్చుకుపోయి, అదే పలక రంగులు మారేసరికి ఒక కాగితం మీద పండగలా, ఇంకో కాగితం మీద గుబులుగా కనపడుతుంది. నీళ్ళు, జనం, పాకే బిడ్డ, బఫూను. కళ్ళముందు ఉన్నదాన్ని వదలకుండా చూసిన మనిషాయన. 2018లో న్యూయార్కులోనే పోయాడు.

ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్ వాడు లక్ష్మాగౌడ్‌ది ఇంకో దారి. బరోడాలో చదువుకుని వచ్చి, తన ఊరి మేకల్ని, మోటు మనుషుల్ని, వాళ్ళ కోరికల్ని లోహపు పలక మీద సన్నటి గీతలతో గీశాడు. సిగ్గుపడకుండా గీశాడు. చిన్నా, నువ్వు పెద్దయ్యాక చూద్దువుగాని.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. మీ నాయనమ్మ పోయి ఏడాది తిరగలేదు. నువ్వు ఆవిడనే చెక్కాలనుకుంటున్నావు, ఆవిడ ముఖం వేస్తే ఫోటోలా వస్తోంది, ఏడుపు వేస్తే అబద్ధంలా వస్తోంది. అవునా? నీ ముఖం చూస్తేనే తెలుస్తోంది. నాకూ ఆవిడ ముఖం పటంలో ఉన్నట్టుగా గుర్తురాదు. పెరటి అరుగు కింద ఆవిడ రబ్బరు చెప్పులు ఇంకా అక్కడే ఉన్నయ్, తీయొద్దని నేనే చెప్పాను. ఎడమ చెప్పు చూడు, బొటనవేలు నొక్కిన చోట గుంట పడి ఉంటుంది. మోకాలి నొప్పితో ఒక పక్కకే బరువేసి నడిచేది, మడమ దగ్గర ఒకే వైపు అరిగిపోయింది. ఆ చెప్పులేసుకునే ప్రతి ఫిబ్రవరి 11కీ మేరీమాత కొండ తిరునాళ్ళకి వెళ్ళేది. మనది చర్చికి వెళ్ళే ఇల్లు కాదు, అయినా మీ నాన్నకి చిన్నప్పుడు జ్వరం తగ్గాలని మొక్కుకున్న నాటి నుంచీ మానలేదు. మెట్ల దగ్గర చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని ఎక్కేది.

రేపు వెలుతురు వచ్చాక ఆ చెప్పుని తీసి నీ ముందు పెట్టుకో. వెంటనే ఉలి పట్టకు. కొన్నాళ్ళు గియ్యి, చాలు అనుకున్నాక ఇంకొన్నాళ్ళు గియ్యి. తిరునాళ్ళకి నెల పైనే ఉంది, ఈసారి నువ్వు నాతో కొండకి రా. లక్షల మంది వస్తారు, అన్ని మతాల వాళ్ళూ. కొవ్వొత్తి పట్టుకున్న చేతుల్ని చూడు, పాదాల్ని చూడు. సంక్రాంతి అయ్యాక పెడన కూడా పోదాం, అచ్చులు చెక్కేవాళ్ళ దగ్గర ఒక పూట కూర్చుంటే టేకు మీద కత్తి ఎట్టా తిప్పాలో నోటితో చెప్పక్కర్లేదు.

లినోలో ఈనెలు ఉండవు, మేస్త్రికి దొరికిన వాన నీకు దొరకదు. నీ వాన నువ్వే గీసుకోవాలి. సిరా పల్చగా పట్టించు, సన్నటి గీతలు పూడిపోకుండా. కాగితం ఎత్తేముందు ఒక మూల లేపి చూసుకో, చాలకపోతే మళ్ళీ గరిటెతో రుద్దొచ్చు. అచ్చులు తీసినప్పుడు మీ మేనత్తకి ఒకటి పంపు, నాయనమ్మతో కొండెక్కే ఆ ఎదురింటావిడకి ఒకటి ఇవ్వు. నాకు మొదటి కాగితం వద్దు, దానికి సిరా సరిగ్గా అందదు. నాలుగోదో అయిదోదో ఇవ్వు.